కంటెయినర్ పోలిక ఎంతవరకు చెల్లుతుంది?

కొంపల్లి వద్ద జాతీయ రహదారి ప్రక్కన పది నిమిషములు నిలిచి చూచినవారికి, మేడ్చల్ మీదుగా నాగపూరు దారిని పోయే లారీలలో పెద్ద పెద్ద ఇనుప పెట్టెలను మోసుకొనిపోయేవి అనేకము కనిపిస్తాయి. వీటినే కంటెయినర్లు అంటారు. ఆ ప్రాంతపు ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్న ఒక ఉపాధ్యాయ మిత్రుడు, కంప్యూటర్ కంటెయినర్లను గూర్చి విద్యార్థులకు చెప్పవలసి వచ్చినప్పుడు ఈ లారీలనే ఉదాహరణగా తీసుకొన్నాడు. పాఠము రక్తి కట్టినది. చివర ఒక బాలిక లేచి, "సార్, పెట్టెలో పెట్టి తాళము వేసినాక లోపలిది దొంగలు ఎట్లా తీస్తారు?" అని అడిగినది. "తీయలేరమ్మా, అందుకే కంటెయినర్" అని ఆయన జవాబిచ్చాడు.

ఈ వ్యాసము ఆ జవాబును గూర్చి. మిత్రుని తప్పుపట్టుట నా ఉద్దేశము కాదు. ఈ పోలికను ఆయన కల్పించలేదు. ఆ యంత్రములను నిర్మించినవారే దానికి కంటెయినర్ అని పేరు పెట్టి ఓడల భాషను వెంట తెచ్చారు. పోలిక ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడ విరుగుతుంది అని విచారించకుండా దానిని తరగతి గదిలోనికి తెచ్చుటయే చిక్కు.

మొదట నిలిచే చోటు చూద్దాము. 1956 ఏప్రిల్ 26న అమెరికాలో మాల్కమ్ మెక్లీన్ అనే లారీల యజమాని 'ఐడియల్ ఎక్స్' అనే ఓడ మీద 58 పెట్టెలను నూవార్క్ రేవునుండి హ్యూస్టన్‌కు పంపించాడు. అంతకుముందు రేవులలో ప్రతి బస్తాను, ప్రతి పీపాను కూలీలు విడివిడిగా ఎత్తి దించవలసి ఉండేది. మెక్లీన్ తరువాత సరకు ఏదైనా పెట్టె ఒక్కటే. కొలతలు ఒకటే, మూలలయందు క్రేను కొక్కెము పట్టే అమరిక ఒకటే. లోపల ఉన్నది ప్రత్తియా, మందులా అని క్రేనుకు తెలియనక్కరలేదు. మన హైదరాబాదులోని సనత్‌నగర్ డిపోలో సుంకపు తనిఖీ ముగించుకొన్న పెట్టె రైలెక్కి, రేవు చేరి, ఓడ ఎక్కేవరకు మూత తెరువకనే పోతుంది.

కంప్యూటర్ ప్రోగ్రాములకు కూడ ఇటువంటి ఇబ్బందియే ఉండేది. ఒక ప్రోగ్రాము ఒంటరిగా బ్రతకదు. తనకు కావలసిన ఇతర ప్రోగ్రాము తునకల మీద ఆధారపడుతుంది. వ్రాసినవాని యంత్రములో ఆ తునకలు ఒక రకమువి, నడపవలసిన యంత్రములో మరొక రకమువి అయితే, అక్కడ నడిచినది ఇక్కడ నడవదు. ఈ తునకలన్నిటిని ప్రోగ్రాముతో కలిపి ఒకే మూటగా కట్టే పద్ధతిని 2013లో డాకర్ అనే సాధనము సులభము చేసినది. ఆ మూటను ఇమేజి అంటారు. అది నడుస్తున్నప్పుడు కంటెయినర్. మరుసటి సంవత్సరము గూగుల్ సంస్థ కుబర్నెటీస్ అనే సాధనమును లోకమునకు ఉచితముగా విడిచినది. గ్రీకు భాషలో ఆ మాటకు చుక్కాని పట్టువాడని అర్థము. "ఈ ప్రోగ్రాము ఎల్లప్పుడు మూడు ప్రతులుగా నడవవలెను" అని వ్రాసి ఇస్తే చాలును. ఒక ప్రతి చచ్చిపోతే అది మరొకదానిని లేపుతుంది. పదవ తరగతి ఫలితములు వెలువడిన గంటలో లక్షలమంది ఒకేసారి చూడబోయినప్పుడు, మూడు ప్రతులను ముప్పది చేయుట దీనివలన తేలిక. మరునాడు మళ్ళీ మూడుకు దించవచ్చును. రవాణా విషయములో, కూర్పు విషయములో మన మిత్రుని పోలికకు ఢోకా లేదు.

విరిగే చోటు రక్షణ. లారీ మీది పెట్టెకు దాని నేల దానిది, గోడలు దానివి. కంప్యూటర్ కంటెయినర్‌కు సొంత నేల లేదు. ఒక యంత్రములో నూరు కంటెయినర్లు నడుస్తూ ఉంటే, నూరింటికిని అడుగున ఉండే లైనక్స్ కెర్నెల్ ఒక్కటే. కెర్నెల్ అనగా యంత్రపు జ్ఞాపకశక్తిని, డిస్కును, నెట్‌వర్కును అందరికి పంచిపెట్టే మూల ప్రోగ్రాము. అది ఒక్కొక్క కంటెయినర్‌కు ఒక్కొక్క గంతలు కడుతుంది. ప్రక్కవారు కనిపించకుండా చేస్తుంది. ఎవరికి ఎంత మెమరీ, ఎంత ప్రాసెసర్ అని కొలత పెడుతుంది. ఈ కొలత పెట్టే ఏర్పాటు 2008లో లైనక్స్‌లోనికి వచ్చినది. ఇవి మంచి ఏర్పాట్లే, కాని ఇనుప గోడలు కావు.

కొంపల్లి విద్యార్థికి లారీకంటె దగ్గరి పోలిక మరొకటి ఉన్నది. అది ఆ ఊరిలో ఎటు చూచినా కనిపించే అపార్ట్‌మెంటు. ప్రతి ఫ్లాటుకు తలుపు వేరు, తాళము వేరు, కరెంటు మీటరు వేరు. కాని పునాది ఒకటే, సంపు ఒకటే, నీళ్ళ గొట్టములు గోడలలోనుండి అందరి ఇండ్లకు పోతాయి. నాలుగవ అంతస్తువాడు ఎంత గట్టి తాళము కొన్నా, సంపులో విషము కలిస్తే ఆ తాళము దేనికి? సంపు మీద చేయి వేయగలవాడికి ఏ ఫ్లాటు తాళముతోను పని లేదు.

ఇది ఊహ కాదు. కంటెయినర్లను లేపి నడిపే 'రన్‌సి' అనే చిన్న ప్రోగ్రాములో 2019 ఫిబ్రవరిలో ఒక లోపము బయటపడినది. దుష్టబుద్ధితో తయారుచేసిన కంటెయినర్ ఆ రన్‌సి ప్రోగ్రామునే తిరగవ్రాసి, మొత్తము యంత్రము మీద అధికారము సంపాదించగలిగేది. దానిని సరిదిద్దారు. 2024 జనవరిలో అదే రన్‌సిలో మరొక సందు కనబడినది. ఈసారి మూసివేయవలసిన ఒక ఫైలు ద్వారము తెరచి ఉండిపోవుటవలన కంటెయినర్ లోపలినుండి బయటి డిస్కును చేరుకొనే వీలు కలిగినది. రెండుమారులును కంటెయినర్ చుట్టు ఉన్న గోడ ఎంత పలుచనిదో లోకమునకు తెలిసినది.

ఇక పెట్టె మీది ముద్ర సంగతి. సుంకపు ముద్ర చెదరలేదంటే దారిలో ఎవరును తెరువలేదని అర్థము. లోపల సరకు మంచిదని అర్థము కాదు. ప్రోగ్రాములు వ్రాసేవారు ఇమేజిని మొదటినుండి తామే కట్టరు. బహిరంగ భాండాగారములనుండి ఎవరో కట్టినది తెచ్చుకొని దానిమీద తమ పొర వేస్తారు. డాకర్ వారి భాండాగారములో ఒకే ఖాతానుండి వచ్చిన 17 ఇమేజిలు రహస్యముగా ఇతరుల యంత్రములతో క్రిప్టో నాణెములను తవ్వుకొంటున్నవని 2018లో తేలినది. వాటిని తొలగించేనాటికి 50 లక్షలకు పైగా సార్లు దింపుకోబడినవి. దింపుకొన్న ఇమేజి ఎవరు చేసినది, అందులో ఏయే తునకలు ఉన్నవి అని జాబితా ఉంచుకొనే అలవాటు ఆ రోజులలో చాల చోట్ల లేదు. 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జె అనే జావా తునకలో ప్రమాదకరమైన లోపము బయటపడినప్పుడు, అది మన పెట్టెలలో ఎన్నిటిలో ఉన్నదో చెప్పలేక పెద్ద పెద్ద సంస్థలే తలలు పట్టుకొన్నవి.

మాటలు మోసము చేసే తీరుకు మరొక ఉదాహరణ కుబర్నెటీస్‌లోనే ఉన్నది. పాస్‌వర్డులు దాచుటకు అందులో 'సీక్రెట్' అనే అర ఉన్నది. పేరు వినగానే గట్టి తాళము ఉన్నదనుకొంటాము. ప్రత్యేకముగా ఏర్పాటు చేస్తే తప్ప, అందులో వ్రాసినది గూఢలిపిగా మారదు. బేస్64 అనే మరొక అక్షరమాలలో వ్రాయబడి ఉంటుంది, అంతే. తెలుగు మాటను దేవనాగరిలో వ్రాసినట్లే. ఆ లిపి తెలిసిన పిల్లవాడు ఒక్క క్షణములో చదువుతాడు. దీనికి సీక్రెట్ అని పేరు పెట్టినవారిని నేను క్షమించలేను.

కొన్నిచోట్ల అంత శ్రమ కూడ అవసరము లేకపోయినది. టెస్లా కారుల సంస్థవారి కుబర్నెటీస్ అధికార పలక పాస్‌వర్డు లేకుండా ఇంటర్నెట్టులో తెరచి ఉన్నదని 2018లో ఒక భద్రతా సంస్థ బయటపెట్టినది. లోపలికి పోయినవారికి అమెజాన్ క్లౌడులోని టెస్లావారి గిడ్డంగి తాళపు చెవులు అక్కడే దొరికినవి. మన రాష్ట్రములో 2024 జూన్‌లో పోలీసుల హాక్ ఐ యాప్ సమాచారము బయటికి పోయిన కేసులో ఒక యువకుని అరెస్టు చేశారు. బలహీనమైన లేదా బయటపడిన పాస్‌వర్డు దానికి కారణము కావచ్చునని అధికారులు అప్పుడు చెప్పారు. దీనికి కంటెయినర్లతో సంబంధము ఉన్నదని నేను అనుట లేదు. తాళపు చెవి పోయిన తరువాత గోడల లెక్క అడిగేవారు ఉండరని మాత్రము చూపుచున్నాను.

రెండవ పోలిక క్లౌడు, అనగా మేఘము. ఇది కంటెయినర్‌కంటె ఎక్కువ హాని చేసినది. మేఘమనగానే విద్యార్థికి చోటు లేనిది, ఎక్కడనో తేలుతూ ఉండేది అని తోస్తుంది. దాని చోటు మన కాళ్ళ క్రింద ఉన్నది. 2020 నవంబరులో అమెజాన్ సంస్థ 20,761 కోట్ల రూపాయలతో తెలంగాణలో డేటా కేంద్రములు కట్టనున్నట్లు ప్రకటన వెలువడినది. 2022 నవంబరులో హైదరాబాదు రీజియన్ పని ప్రారంభించినది. ముంబయి తరువాత మన దేశములో వారికిది రెండవది. కేంద్ర ప్రభుత్వపు ఎన్.ఐ.సి.కి ఢిల్లీ, పుణె, భువనేశ్వర్‌లతో పాటు హైదరాబాదులో కూడ జాతీయ డేటా కేంద్రము ఉన్నది. గూగుల్ 2025 అక్టోబరులో విశాఖపట్టణమునకు 1,500 కోట్ల డాలర్ల పథకము ప్రకటించినది. ఇవన్నియు భవనములు. వాటికి కరెంటు కావలెను, కరెంటు పోతే డీజిలు కావలెను, వేడి తగ్గించుటకు చల్లదనము కావలెను. వాటికి నిప్పంటుకోగలదు. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్ ప్రభుత్వ డేటా కేంద్రములో లిథియం బ్యాటరీలకు మంటలు లేచి 600కు పైగా ప్రభుత్వ సేవలు ఆగిపోయినవి. ఉద్యోగులు తమ కాగితములు దాచుకొనే ఒక నిల్వలోని 858 టెరాబైట్లు కాలిపోయినవి. దానికి బయట మరొక ప్రతి లేదు.

అందుచేత ఇప్పుడు ఒక మాట వినబడుతున్నది: ఒక మేఘము చాలదు, రెండు మూడు సంస్థల మేఘములలో పెట్టండి, భయము లేదు. ఇందులో సగము నిజము. 2024 మేలో ఆస్ట్రేలియాలోని యూనిసూపర్ అనే పింఛను నిధికి గూగుల్ క్లౌడులో కట్టిన ప్రైవేటు క్లౌడు తనంతట తాను చెరిగిపోయినది. ఏర్పాటు చేసేటప్పుడు గూగుల్ ఉద్యోగులు ఒక గడిని ఖాళీగా వదిలివేయగా, యంత్రము దానిని ఒక సంవత్సరపు గడువుగా తీసుకొని, గడువు తీరగానే తుడిచివేసినది. ఆరు లక్షలకు పైగా సభ్యులు ఒక వారమునకు పైగా తమ ఖాతాలను చూడలేకపోయారు. ఆ నిధివారు మరొక సంస్థవద్ద కూడ ప్రతులు ఉంచుకొని ఉండుట తిరిగి నిలబెట్టుటకు తోడ్పడినది.

మిగిలిన సగము ఎవరును చెప్పరు. పెట్టె ఏ రేవులోనైనను దిగుతుంది, కాని ప్రతి రేవుకు చట్టము వేరు. ఎవరికి ఏ అనుమతి ఇవ్వవలెనో వ్రాసే పద్ధతి అమెజాన్‌లో ఒకటి, మైక్రోసాఫ్ట్‌లో ఒకటి, గూగుల్‌లో ఒకటి. నెట్‌వర్కు ద్వారములకు, నిల్వ గదులకు ఎవరి నియమములు వారివి. కంటెయినర్‌ను నిమిషములలో మార్చవచ్చును. అది చదివే లక్షల విద్యార్థుల మార్కుల పట్టికను ఒక మేఘమునుండి మరొక మేఘమునకు మార్చుటకు కాలము పడుతుంది, బయటికి తీసినందుకు సుంకము కూడ పడవచ్చును. మూడు రేవులలో సరకు ఉంచినవాడు మూడు తాళపు చెవుల గుత్తులు కాపాడుకోవలెను. ఒక రేవులోని కావలివాడు సోమరి అయితే మిగిలిన రెండింటి జాగ్రత్త అక్కరకు రాదు. యూనిసూపర్‌కు మేలుచేసినది మేఘముల సంఖ్య అని నేను అనుకొనను. ఒక చేతిలోని పొరపాటు చేరలేని చోట మరొక ప్రతి ఉన్నది. దానిని తిరిగి తెచ్చి నిలబెట్టగలిగారు. అటువంటి ప్రతిని ఏడాదికి ఒకసారియైనను నిజముగా తెరచి చూడని సంస్థకు అది ఉన్నదో లేదో తెలియదు.

ఇదంతయు మిత్రునికి చెప్పినాను. ఆయన ఒప్పుకొని, మరుసటి వారము లారీని విడిచి అపార్ట్‌మెంటు పోలికతో మళ్ళీ పాఠము చెప్పాడు. బాలికకు తన పాత జవాబు తప్పని తరగతిలోనే చెప్పాడట. కాని నా పోలికను కూడ ఆయన వదలలేదు. "ఫలితముల రోజున మూడు ఫ్లాట్లు ముప్పది అవుతాయా? మరునాడు మళ్ళీ మూడవుతాయా?" అని అడిగాడు. కావు. దానికి తగిన వస్తువు కొంపల్లిలో ఏదైనా ఉన్నదా అని ఇద్దరమును వెదకుచున్నాము.