సారు అంగడికొస్తే

వాట్సాప్ గ్రూపులకు ఈ కాలమ్‌లో నేను పెట్టిన శాపనార్థాలు చదివీ చదివీ విసిగినవాళ్లకు ఈ వారం కాస్త ఊరట. ఒక గ్రూపులో పెట్టడానికి చేసిన వాయిస్ మెసేజ్ నాకు నచ్చింది.

మా మేనకోడలు స్టేషన్ ఘన్‌పూర్ మండలంలో ఒక ప్రాథమిక పాఠశాలలో రెండో తరగతికి చెబుతుంది. ఏ ఊరి బడో రాయొద్దని ఒట్టు పెట్టించుకుంది కాబట్టి రాయను. తల్లిదండ్రుల గ్రూపులో పెట్టబోయే మాటలను ముందు నాకు పంపి, "మామా, జర విని చెప్పు, ఎక్కువైందా?" అని అడిగింది. ఇదీ ఆ మెసేజ్:

"అందరికీ నమస్తే. ఈ వారం మన పిల్లలకు ఒత్తులు చెప్పిన. అక్క, గిన్నె, బువ్వ, నెయ్యి, ఇసొంటి మాటలు. వంట చేసేటప్పుడు పక్కన కూసోబెట్టుకొని పలక మీద గిన్నె అని రాయమనున్రి. ఒత్తు ఏడున్నదో వేలు పెట్టి చూపియ్యమనున్రి. మీకు చదువు రాకున్నా ఏం కాదు. అక్షరం కింద వేలు పెడితే వచ్చినట్టు. లెక్కల్ల తీసివేతలు అయితున్నయి. యాభై రూపాయల నోటిచ్చి దుకాణానికి తోలున్రి. పద్దెనిమిది రూపాయల సామాను తెస్తే ఎంత తిరిగి రావాలెనో పోకముందే అడుగున్రి. తప్పు చెప్తే కొట్టకున్రి. నాకు చెప్పున్రి."

ఎక్కువేమీ కాలేదు. బడి నుంచి ఇంటికి పోయే కబుర్లలో ఇంత పనికొచ్చేది నేనింతవరకు వినలేదు. మామూలుగా ఏం జరుగుతుందో మీకు తెలుసు. గేటు దగ్గర తల్లి అడుగుతుంది: "మంచిగ చదువుతున్నడా సార్?" సారు అంటాడు: "మంచిగనే చదువుతున్నడు గని, జర ఇంటికాడ కూసోబెట్టి చదివియ్యున్రి." ఆమెకు చదువు రాదని సారుకు తెలుసు. చదివించడం తన వల్ల కాదని ఆమెకూ తెలుసు. ఇద్దరూ తలలూపి ఎవరి దారిన వాళ్లు పోతారు. 2011 జనాభా లెక్కల్లో తెలంగాణ ఆడవాళ్లలో చదవడం, రాయడం వచ్చినవాళ్లు 58 శాతం లోపే. మిగిలినవాళ్ల చేతిలో ప్రోగ్రెస్ కార్డు పెట్టి, బి ప్లస్ చూపించి, వేలిముద్ర వేయించుకుంటే దాన్ని సమాచారం అంటామా? బి ప్లస్ అంటే పిల్లవాడికి ఏం వచ్చిందో, ఏం రాలేదో చదువుకున్న నాకే అంతుపట్టదు.

చట్టం మాత్రం ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంది. విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్‌లో టీచర్ల విధులు రాశారు. వేళకు రావాలి, సిలబస్ పూర్తి చేయాలి అన్న వరసలోనే తల్లిదండ్రులను క్రమం తప్పకుండా కలవాలనీ, పిల్లల హాజరు ఎలా ఉందో, ఎంతవరకు నేర్చుకోగలుగుతున్నారో, ఏం నేర్చుకున్నారో వాళ్లకు తెలపాలనీ ఉంది. 2010 ఏప్రిల్ 1 నుంచి ఇది అమల్లో ఉన్న మాట. అంటే ఇంటికి కబురు చెప్పడం టీచరు మంచితనం కాదు, పాఠం చెప్పడంతో సమానమైన డ్యూటీ.

అందులోనూ రెండో తరగతి. వచ్చిన ప్రతిసారీ చదువుల మీద గగ్గోలు పుట్టించే 'అసర్' సర్వే ఉంది చూశారా, ఊళ్లలో ఇంటింటికీ పోయి పిల్లల చేత చదివిస్తుంది. వాళ్లు చేతికిచ్చే కాగితంలో అన్నిటికంటే కష్టమైనది రెండో తరగతి స్థాయి పాఠమే. ఎనిమిదో తరగతి పిల్లవాడిని కూడా దానితోనే పరీక్షిస్తారు. 2024 సర్వేలో దేశం మొత్తమ్మీద పల్లెల్లోని మూడో తరగతి పిల్లల్లో దాన్ని చదవగలిగింది 27.1 శాతం. 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం 'నిపుణ్ భారత్' కూడా రెండో తరగతికి గీత గీసింది: నిమిషానికి 45 నుంచి 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలి, 999 దాకా అంకెలు రావాలి, 99 లోపు తీసివేతలు రావాలి. (ఈ పదాల లెక్క మీద నా పాత గొడవ పాఠకులకు కొత్త కాదు. 'వెళ్లిపోయాడనుకున్నాను' అన్నది మన పిల్లవాడికి ఒక్క పదం. హిందీ పిల్లవాడు అదే సంగతిని ఆరేడు ముక్కలుగా చదివి ఆరేడు పదాలు జమ వేసుకుంటాడు. సరే, వదిలేద్దాం.)

మన రాష్ట్రంలో 2022 ఆగస్టు 15న 'తొలిమెట్టు' కార్యక్రమం మొదలైంది. ఒకటి నుంచి ఐదు దాకా ఎవరు చదవగలరు, ఎవరు రాయగలరు, ఎవరికి కూడికలు, తీసివేతలు వచ్చు అన్న లెక్కంతా టీచర్లు రాశారు. ఆ లెక్క స్కూల్ కాంప్లెక్స్‌కు పోయింది, ఎంఈవో ఆఫీసుకు పోయింది, జిల్లా ఆఫీసుకు జనగామ పోయింది, హైదరాబాదు పోయింది. బడి వెనక వాడకట్టులో ఉండే తల్లికి మాత్రం చేరలేదు. 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి, మహిళా సంఘాల వాళ్లే నడిపిస్తున్నారు, సంతోషం. నల్లాలు, మరుగుదొడ్లు, కరెంటు వైర్ల గురించి వాళ్లు గట్టిగానే అడుగుతారు. రెండో తరగతిలో ఎంతమందికి ఒత్తులు వచ్చాయని అడగవచ్చునని వాళ్లకెవరూ చెప్పినట్టు లేదు.

మా మేనకోడలికి ఇదంతా ఫోన్‌లో చెబుతూ, ఎప్పటిలాగే, "మా సారు ఉన్నప్పుడు..." అని మొదలుపెట్టాను.

చిన్నప్పుడు బడిలో నాకు చెప్పిన మా సారు మానుకోట దిక్కు మనిషి. శివునిపల్లిలో కిరాయి గదిలో ఉండేవాడు. అప్పటికి అప్ అండ్ డౌన్ చేసే సార్లు తక్కువ. తర్వాత పుష్‌పుల్ వచ్చింది, హన్మకొండలో ఇళ్లు కట్టుకున్నారు, నాలుగు కొట్టంగానే ఒక కన్ను గడియారం మీద, ఒక కన్ను పట్టాల మీద. రైలును తప్పు పట్టను, పిల్లల చదువుల కోసం వాళ్లూ పట్నం చేరారు. కానీ ఊళ్లో పండుకునే సారుకూ, బండి అందుకునే సారుకూ తేడా ఉంటుంది. మా సారుకు ఊరి జాబులన్నీ తెలుసు. భీవండి పోయిన సాలోళ్ల ఇళ్లకు కార్డు ముక్క వస్తే చదివేది ఆయనే, జవాబు రాసేది ఆయనే. ఎవరి ఇంట్లో అప్పయిందో, ఎవరి నాయన రెండేళ్లుగా రాలేదో ఆయనకు ఎరుకే. అందుకే ఏ పిల్లవాడు బడిలో ఎందుకు కిటికీలోంచి చూస్తూ కూర్చుంటాడో ఆయనకు వేరే చెప్పాల్సిన పని లేదు.

ఆయన ప్రోగ్రెస్ రిపోర్టు అంగడిలో ఇచ్చేవాడు. వారం వారం చేతిలో సంచితో వచ్చేవాడు, కూరగాయలు కొనడానికి అని పేరు. పది అడుగులకు ఒక తండ్రి ఎదురయ్యేవాడు. "పంతులూ, మావోడు ఎట్ల చదువుతున్నడు?" సారు నోటితో జవాబు చెప్పేవాడు కాదు. జేబులోంచి సుద్దముక్క తీసి పిల్లవాడి చేతికిచ్చేవాడు. కూరగాయలమ్మే ఆమె పరిచిన గోనెసంచి పక్కన, బండ మీద, రాయమనేవాడు. లేదంటే వంకాయలు చూపించి, "శేరు ఇంతైతే పావుశేరు ఎంతరా?" అనేవాడు. పిల్లవాడు చెబితే తండ్రి మీసం లేచేది. ఆ తండ్రికి అక్షరం ముక్క రాదు, అయినా పావుశేరు లెక్క తెలుసు కదా. కొడుకు చెప్పింది ఒప్పో తప్పో ఆయనే తేల్చుకునేవాడు. సారు సర్టిఫికెట్ అక్కర్లేదు.

చూశావా, నీ యాభై రూపాయల నోటు మా సారు ఎప్పుడో కనిపెట్టాడు అన్నాను. ఆయనకు ఫోన్ లేదు, గ్రూపు లేదు, నెలనెలా మూడో శనివారం తల్లిదండ్రుల సమావేశం లేదు.

ఆమె అంతా విని ఒక్కటే అడిగింది: "చెప్పరానోళ్లు ఏం చేసేటోళ్లు మామా?"

చెప్పరానివాళ్లు అంగడినాడు చింతల వెనక్కి పారిపోయేవాళ్లు. దొరికినవాళ్లకు దెబ్బలు. మా బెంచీలో ఒకడుండేవాడు, మాట నత్తి, మనిషి మెత్తన. సారు వాడిని ఏదో తేలికపాటిదే అడిగాడు. వాడికి తెలుసు కూడా. నలుగురి ముందు గొంతు పెగల్లేదు. పక్కనున్న ఎవడో నవ్వాడు. తండ్రి చెప్పు తీశాడు. సారు అడ్డం పడ్డాడు గానీ అప్పటికే అంగడంతా చూసింది. మళ్లీ వారం వాడు బడికి రాలేదు. బర్రెల కాడ జీతానికి పెట్టారని తర్వాత తెలిసింది.

మా అక్క సంగతి ఇంకోటి. ఎక్కాలు ఆమెకు నాకంటే బాగా వచ్చేవి, రాత్రి దీపం దగ్గర నాకు అప్పజెప్పించుకునేది ఆమే. ఆమె గురించి అంగడిలో మా సారు ఒక్క మాట అన్నట్టు నాకు గుర్తులేదు. ఆయన తప్పని కాదు. మా నాయన అడగలేదు. ఎవరి నాయనా బిడ్డ గురించి అడిగేవాడు కాదు. మా అమ్మ అంగడికి వచ్చినా ఆడమనిషి వెళ్లి పంతులును నిలబెట్టి మాట్లాడే రోజులు కావవి. అక్క చదువు ఎక్కడ ఆగిందో మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియకుండానే ఆగిపోయింది.

కాబట్టి మా సారు అంగడిని నెత్తిన పెట్టుకుని ఈ కాలపు గ్రూపులను తిట్టే నా అలవాటు ఇక నడవదు. రెండూ ఒకటే. గ్రూపు కూడా అంగడే, నలుగురు వినేదే. మొన్నామధ్య మా మేనకోడలి బడిలోనే, బాగా చదివిన ముగ్గురి ఫోటోలు గ్రూపులో పెడితే, మిగిలిన ఇళ్లలో ఆ రాత్రి ఏం జరిగిందో తెల్లారి పిల్లల మొహాలు చూస్తే తెలిసిపోయిందట. అప్పటినుంచి ఆమె ఒక కట్టుబాటు పెట్టుకుంది. తరగతి మొత్తానికి ఏం చెప్పిందో, ఇంట్లో ఎలా అడగాలో గ్రూపులో. ఫలానా పిల్లకు ఏం రాలేదో ఆ పిల్ల తల్లి చెవిలో. వాయిస్ మెసేజ్‌లో చివరి మాట, "నాకు చెప్పున్రి" అన్నది, అందుకే.

ఫోటోలు మాత్రం మొత్తానికే బంద్ చెయ్యమన్నాను. ఫోటోల మీద నా కసి మీకు తెలిసిందే. మొక్క నాటినా ఫోటో, గుడ్డు పెట్టినా ఫోటో, ఎవరో పైవాళ్లకు సాక్ష్యం. ఆమె ఒప్పుకోలేదు. కూలికి పోయే ఒక తల్లి తనతో అన్న మాట చెప్పింది: "ఫోటో పెట్టు మేడం. నాకు చదువు రాదు. ఫోటో చూస్తే నా బిడ్డ ముందట కూసున్నదా, ఎనుక కూసున్నదా ఎరుకైతది." ఆ పిల్ల వరసగా ఎన్నో ఫోటోల్లో గోడ పక్కన, చివరనే ఉందని ఆ తల్లి పట్టుకుంది. ప్రోగ్రెస్ కార్డులో ఏ గడిలోనూ లేని సంగతి అది. మా మేనకోడలు వెళ్లి చూస్తే ఆ పిల్లకు బోర్డు సరిగ్గా ఆనడం లేదు. ఇప్పుడు పిల్లలను వరసలు మార్చి మార్చి కూర్చోబెడుతోంది. నేను ఇక మాట్లాడలేదు. ఫోటోలు పెట్టుకోనివ్వండి.

ఈ మూడో శనివారం సమావేశానికి వచ్చినవాళ్లలో తల్లులే ఎక్కువ, వాళ్లలోనూ పిల్లలు బాగా చదివే తల్లులే ఎక్కువ. ఎవరికి చెప్పాలో వాళ్లే రాలేదు. పత్తి ఏరుడు మొదలైంది, ఒక పూట బడికొస్తే ఒక రోజు కూలి పోతుంది. సర్క్యులర్‌లో సమావేశం బడి వేళల్లోనే అని ఉంటుంది. కూలి ఆటోలు మాత్రం బడి గంట కొట్టకముందే ఊరు దాటతాయి. మా మేనకోడలు ఈ సోమవారం నుంచి ఆ ఆటోలు ఆగే చెట్టు దగ్గరికి కాస్త ముందే పోతానంటోంది, రాని తల్లుల పేర్లు కాగితం మీద రాసుకుని. అక్కడ కూడా నలుగురు ఉంటారు కదా అన్నాను. "ఆటో ఎనుక నిలబడి చెప్త మామా, ఒక్కొక్కరికి రెండు నిమిషాలు చాలు" అంది. డ్యూటీ రిజిస్టర్‌లో ఈ రెండు నిమిషాలను ఏ గడిలో రాసుకోవాలో ఎంఈవో సారు చెబితే బాగుంటుంది.