చిత్రపురి లెక్కలోని పనితనం

జూబ్లీహిల్స్‌లో ప్లాట్లు వేసింది రియల్ ఎస్టేట్ కంపెనీ అనుకుంటారు చాలామంది. నిజానికి చల్లా నరసింహారెడ్డి పూనికతో పుట్టిన సహకార గృహనిర్మాణ సంఘం 1960ల్లో ఆ రాళ్లగుట్టల మీద మొదలుపెట్టిన పని అది. అదే సహకార పద్ధతిని లైట్‌మన్లు, మేకప్ అసిస్టెంట్లు, జూనియర్ ఆర్టిస్టుల కోసం వాడిన చోటు మణికొండ దగ్గరి చిత్రపురి కాలనీ. సినీ కార్మికుల ఇళ్ల కోసం పాటుపడి 1997లో కన్నుమూసిన నటుడు, డాక్టర్ ఎం. ప్రభాకర్‌రెడ్డి పేరే దానికి పెట్టారు. సుమారు 67 ఎకరాల్లో సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ల నుంచి రో హౌస్‌ల దాకా నాలుగు వేలకు పైగా ఇళ్లు!

నాకు ముచ్చటేసేది దాని వెనకున్న డబ్బు కూర్పు. హైదరాబాద్‌లో ఇంటి ధరను కొండెక్కించేది స్థలం. భూమి బజారు ధరకు కాక ప్రభుత్వం ద్వారా సంఘానికి వస్తే, ఆ బరువు సభ్యుడి నెత్తిన పడదు. సంఘానికి లాభం తీసుకోవాల్సిన యజమాని లేడు. మిగిలిన కట్టుబడి ఖర్చుకు సభ్యుడి వాయిదాలు, బ్యాంకు అప్పు.

చిక్కంతా ఆ అప్పు దగ్గరే. బ్యాంకు జీతం స్లిప్ అడుగుతుంది. కాల్‌షీట్‌కి ఇంత చొప్పున బతికేవాడి దగ్గర యూనియన్ కార్డు తప్ప ఏముంటుంది? అందుకే అప్పు భారం తగ్గించే ప్రతి రూపాయీ ముఖ్యం. 2022 మార్చి దాకా నడిచిన ప్రధానమంత్రి ఆవాస్ యోజన (పీఎంఏవై) వడ్డీ రాయితీనే చూడండి. 9 శాతం వడ్డీకి 6 లక్షలు 20 ఏళ్లకు తీసుకుంటే నెలకు దాదాపు 5,400 కట్టాలి. రాయితీగా గరిష్ఠంగా వచ్చే 2.67 లక్షలు ముందే అసలులో జమైతే వాయిదా దాదాపు 3,000కి దిగేది. పైగా పేద వర్గాలవారు కొనే ఇంటి పత్రాల్లో ఆడమనిషి పేరు ఉండాలన్నది అందులోని నియమం. ఎంత చక్కటి ఆలోచన! ఇప్పటి పీఎంఏవై 2.0లో రాయితీ గరిష్ఠంగా 1.80 లక్షలు, అదీ అయిదు విడతల్లో.

ఇక ప్రభుత్వమే కట్టించి ఇచ్చే పద్ధతీ ఉంది: 2023లో హైదరాబాద్ శివారు కొల్లూరులో ప్రారంభమైన 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు లబ్ధిదారులకు ఉచితం. నిరుపేదకు అదే సరైన దారి. అయితే ఖర్చంతా ఖజానాదే. చిత్రపురి పద్ధతిలో సర్కారు స్థలమిస్తే, మిగతా భారాన్ని సంఘం, సభ్యులు, బ్యాంకు పంచుకుంటారు.

అయితే చిత్రపురిలో ఇళ్ల కేటాయింపులపై ఆరోపణలు వచ్చాయి, విచారణలు జరిగాయి. సినిమాతో సంబంధం లేనివారికి ఇల్లు వెళ్తే, కృష్ణానగర్ అద్దె గదిలో ఉన్న అసలు కార్మికుడు నష్టపోతాడు. ప్రభుత్వం రేపు ఏ సంఘానికి స్థలమిచ్చినా సభ్యుల జాబితాను, జమాఖర్చులను అందరికీ కనబడేలా గోడకు అంటించాలన్న షరతు పెట్టాలి.