బొమ్మ నోట ‘అమ్మ’

అద్దం ముందు నిలబడి, పెదవులు కలపకుండా ‘నాన్న’ అనండి. తేలిగ్గా వస్తుంది. ఇప్పుడు ‘అమ్మ’ అనండి. రాదు. ప, ఫ, బ, భ, మ, ఈ అయిదూ పెదవులు తాకితేనే పుట్టే అక్షరాలు. బొమ్మను ఒళ్లో కూర్చోబెట్టుకుని మాట్లాడించే కళాకారుడికి అసలు పరీక్ష ఇక్కడే. ‘మ’ రావలసిన చోట నాలుకతో ‘న’ లాంటి ధ్వని పలుకుతాడు. ‘ప’ బదులు ‘త’, ‘బ’ బదులు ‘ద’ మెత్తగా జారుస్తాడు. మాటల ఊపులో మన చెవే వాటిని సరిదిద్దుకుంటుంది.

ఈ కష్టం మన సాహిత్యానికి పాతదే. దండి దశకుమార చరిత్రలో మంత్రగుప్తుడు ప్రియురాలి పంటిగాటు పడిన పెదవితో, ఓష్ఠ్యాక్షరం ఒక్కటీ రాకుండా తన కథంతా చెబుతాడు. కుతుబ్‌షాహీల కాలంలో మరింగంటి సింగరాచార్యులు రామకథనే అలా రాశాడు. ‘రామ’లోనే ‘మ’ ఉంది కాబట్టి నాయకుణ్ణి పేరుపెట్టి పిలిచే వీలే లేదు. అందుకే ఆ కావ్యం పేరు ‘దశరథరాజనందన చరిత్ర’. కవికి మాట వెతుక్కునే తీరిక ఉంటుంది. వేదిక మీద బొమ్మ పట్టుకున్నవాడికి అదీ ఉండదు.

హాస్యనటుడు, కోదాడ కుర్రాడు వేణుమాధవ్ జనం ముందుకు వచ్చింది ఈ విద్యలతోనే. మొదట మిమిక్రీ, ఆపైన మాట్లాడే బొమ్మ. రాజకీయ సభల వేదికల మీద నవ్వించి, 1996లో ఎస్.వి. కృష్ణారెడ్డి ‘సంప్రదాయం’తో సినిమాల్లోకి వచ్చాడు. ‘సై’లో నల్లబాలుగా, ‘లక్ష్మి’లో, ‘హంగామా’లో ఆయన్ను చూసి నవ్వని తెలుగు ఇల్లు అరుదు.

హైదరాబాద్‌లోని మా ఏ.ఎస్. రావు నగర్ వాళ్లకు ఆయన పక్క పేట మనిషి కూడా. ఇల్లు మౌలాలి హెచ్‌బీ కాలనీలో. 2019 సెప్టెంబరు 25న సికింద్రాబాద్‌లో ఆయన పోయారని తెలిసినప్పుడు ఇక్కడ చాలామందికి సొంత వీధిలో మనిషిని పోగొట్టుకున్నట్టే అనిపించింది. మా కాలనీకి పేరిచ్చిన అయ్యగారి సాంబశివరావు ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌ను నిలబెట్టిన శాస్త్రవేత్త. ఒకప్పుడు ఇళ్లలో గౌరవంగా కనిపించిన ఈసీ టీవీ ఆ సంస్థదే. ఉద్యోగాల కోసం అన్ని జిల్లాల వాళ్లూ వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. రాధిక చౌరస్తాలో కాసేపు నిలబడితే నాలుగు యాసలు చెవిన పడతాయి. గొంతులు నేర్చుకునేవాడికి ఇంతకన్నా మంచి బడి ఏముంటుంది?

ఎందుకంటే మిమిక్రీ గొంతుతో మొదలు కాదు, చెవితో మొదలవుతుంది. ఎదుటి మనిషి ఎక్కడ ఊపిరి తీసుకుంటాడు, ఏ అక్షరాన్ని నొక్కుతాడు, వాక్యం చివర గొంతు పైకి లేపుతాడా కిందికి దించుతాడా, మాట ఛాతీలోంచి వస్తోందా, ముక్కులోంచా? ఇవి పట్టుబడ్డాక శ్రుతి కాస్త అటూ ఇటూ అయినా జనం గుర్తుపడతారు. ఇవి లేకుండా శ్రుతి ఎంత కలిసినా పట్టుకోరు. మైకు కూడా ఒక వాయిద్యమే. దగ్గరికి తీసుకుంటే గొంతుకు బరువు వస్తుంది, దూరం జరిపితే పలచబడుతుంది. ఇద్దరి మధ్య సంభాషణ నడిపేటప్పుడు గొంతు మారే క్షణం వినపడకూడదు.

ఈ విద్యకు తెలుగునాట గౌరవం తెచ్చిన పెద్దాయన పేరూ వేణుమాధవే. వరంగల్లు నేరెళ్ల వేణుమాధవ్ (1932–2018). ‘టెన్ కమాండ్‌మెంట్స్’ సినిమా ఘట్టాల్ని మాటలతో, నేపథ్య ధ్వనులతో సహా ఒక్క గొంతుతో వినిపించేవారు. 2001లో పద్మశ్రీ వచ్చింది. ఆయన చేతిలో ఇది ధ్వన్యనుకరణ అనే కళగా నిలబడింది. మన కోదాడ వేణుమాధవ్ దాన్ని పాత్రలోకి తెచ్చాడు. నా లెక్కలో అదీ తక్కువ పని కాదు.

బొమ్మ ఆటలో ఇంకో రహస్యం ఉంది. గొంతు ఎక్కడికీ పోదు, కళాకారుడి నోట్లోనే ఉంటుంది. నాలుకను వెనక్కి లాగి, గొంతు బిగించి, శ్రుతి పెంచి మాట్లాడతాడు. బొమ్మ దవడ సరిగ్గా అక్షరంతో పాటు కదలాలి. అన్నిటికన్నా ముఖ్యం, బొమ్మ మాట్లాడుతుంటే అతను వినాలి. నొచ్చుకోవాలి, ఆశ్చర్యపోవాలి. అతను బొమ్మ వైపు చూస్తేనే మనమూ అటు చూస్తాం. వేణుమాధవ్ సినిమాల్లో ఎదుటివాడి మాటకు ముఖం మారే తీరు గమనించండి. అందులో నాకు ఆ బొమ్మ నేర్పిన పాఠమే కనిపిస్తుంది.

ఇన్ని గొంతులు పలికేవాడికి సొంత గొంతు మిగులుతుందా? పుట్టిన మూలం వదలకపోతే మిగులుతుంది. బ్రిటన్‌ను రేడియో ‘గూన్ షో’తో నవ్వించిన స్పైక్ మిలిగన్ 1918లో మన అహ్మద్‌నగర్‌లో పుట్టాడు. తండ్రి ఐర్లండ్ మనిషి. బ్రిటిష్ పాస్‌పోర్టు దగ్గర పేచీ వస్తే స్పైక్ తండ్రి దేశపు పౌరుడయ్యాడు. ఇంగ్లండ్‌లోని ఆయన సమాధి మీద చివరి చమత్కారం ఐరిష్ భాషలోనే ఉంది. మిలిగన్‌కు ఐర్లండ్ ఎలాంటిదో వేణుమాధవ్‌కు కోదాడ అలాంటిది. నల్లబాలు ఎంత హడావిడి చేసినా, ఆ మాటల అడుగున తెలంగాణ పలుకు చెక్కుచెదరకుండా వినిపిస్తుంది.

మా ఇంట్లో చిన్నది చేతికి సాక్సు తొడుక్కుని వారం రోజులుగా సాధన చేస్తోంది. వంటింట్లో ఉన్న తల్లిని ఆ సాక్సు పిలుస్తూనే ఉంది. ఇంకా ‘అన్న’ అనే వినిపిస్తోంది.