ముచ్చిక ఉంటేనే కాయ

పుంగనూరు దగ్గర మాకు నాలుగు బేనీషా మామిడి చెట్లున్నాయి. కోతకు దిగినప్పుడల్లా మా నాయన చెప్పేది ఒకటే మాట: "ముచ్చిక ఊడగొట్టొద్దురా." ఒక ఏడాది తొందరలో ఆ మాట మరిచి, కొమ్మలు దులిపి రాల్చిన కాయల్నే వరిగడ్డిలో మాగేశాను. ఐదోరోజు గడ్డి తీస్తే గుప్పున పులిసిన వాసన. పసుపు తిరిగిన కాయలన్నిటికీ ముచ్చిక చుట్టూ గోధుమరంగు వలయం. వేలు ఆనిస్తే చాలు, తోలు కింద గుజ్జు నీరైపోయి జారింది.

ముచ్చిక ఊడితే సొన కారి తోలు మాడుతుంది. ఎండుపుల్లల్లో బతికే కుళ్ళు బూజు ఆ పచ్చిగాయం గుండా లోపలికి దిగుతుంది. అందుకే తోటలో ఎండుపుల్లలు తీసేయాలి. సెంటీమీటరు ముచ్చిక ఉంచి కత్తెరతో కోయాలి. కాయను నేలమీద పెట్టకూడదు.

ఆంత్రాక్నోస్ అనే మచ్చ తెగులు దారి వేరు. పిందె వానకో మంచుకో తడిసినప్పుడే అది తోలులో దూరి నక్కి ఉంటుంది. పచ్చికాయ దాన్ని అణచిపెడుతుంది. కాయ పండేకొద్దీ ఆ సత్తువ తగ్గి బూజు పైకి లేస్తుంది. కోసిననాడు నున్నగా ఉన్న కాయ వారం తిరిగేసరికి నల్లమచ్చలు తేలేది అందుకే.

దీనికి వేడినీళ్ళు మంచి మందు. 52 డిగ్రీల నీళ్ళలో 5 నుంచి 10 నిమిషాలు ముంచి, నీడన ఆరబెట్టాలి. చేత్తో అంచనా వేస్తే కుదరదు, థర్మామీటరు ఉండాలి. వేడి తగ్గితే బూజు చావదు, ఎక్కువైతే తోలు ఉడుకుతుంది. శీతల గిడ్డంగిలోనూ 13 డిగ్రీల దగ్గర ఉంచాలి. మరీ చలికి దెబ్బతిన్న కాయ బయటికి రాగానే కుళ్ళుతుంది. ఇక నిషేధించిన కార్బైడ్ రంగు తెస్తుందే గానీ కుళ్ళును ఆపదు.

మదనపల్లె మార్కెట్టులో క్రేటు అడుగున పగిలిన ఒక్క టమాటా చుట్టుపక్కల కాయల్ని ఎలా చెరుపుతుందో మనకు తెలుసు. మామిడికీ అదే లెక్క. బెంగళూరు లారీ ఎక్కాక గాయపడిన కాయకు మనం చేయగలిగింది లేదు. చేయాల్సింది చెట్టు దగ్గరే.

ఈసారి తోటకు వెళ్ళేటప్పుడు చిక్కంతోపాటు ఒక కత్తెర కూడా పట్టుకెళ్ళండి.