మొదటి బండి

మా అక్క కొడుక్కి ఎల్‌ఎల్‌ఆర్ వచ్చింది. ఆ రోజే ఫోన్ చేశాడు. "మావయ్యా, ఆర్‌సీ 390 స్పోర్ట్స్ బైక్ కొంటానంటే అమ్మ ఒప్పుకోవట్లేదు. నువ్వు చెబితే వింటుంది." నేను చెప్పలేదు. వాడు చాలా నొచ్చుకున్నాడు.

నేను నేర్చుకున్నది నాన్న వంద సీసీ బండి మీద. ఒక సాయంత్రం ఊరి రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. వాటిని తప్పించే కంగారులో స్పీడ్ బ్రేకర్ చూసుకోలేదు. బండి ఎగిరింది, ఒళ్లు వెనక్కి వాలింది, హ్యాండిల్‌ని గట్టిగా పట్టుకున్న కుడిచెయ్యి యాక్సిలరేటర్‌ని పూర్తిగా తిప్పేసింది. ఇంజను అరిచింది, అంతే. ముందుకు దూకేంత బలం దానికి లేదు. భయపడితే నా చెయ్యి ఏం చేస్తుందో ఆ అరుపుతోనే నాకు తెలిసింది.

పన్నెండేళ్ల తర్వాత స్నేహితుడి స్పోర్ట్స్ బైక్ మీద అదే జరిగింది. చిన్న గుంట, చెయ్యి రవ్వంత తిరిగింది. ఎదురుగా ఎక్కడో ఉన్న లారీ క్షణంలో మీదికొచ్చేసింది. ఎడమచేతి వేళ్లు వాటంతటవే క్లచ్ నొక్కాయి కాబట్టి బతికాను. ఆ వేళ్లకు అలా నేర్పింది పాత బండే.

స్ప్లెండర్ లాంటి వంద సీసీ బండిది సుమారు 8 హార్స్‌పవర్, ఆర్‌సీ 390ది 43. తేడా అదొక్కటే కాదు. స్పోర్ట్స్ బైక్ హ్యాండిల్ కిందికి ఉంటుంది. అలవాటున్నవాళ్లు మోకాళ్లతో ట్యాంకుని అదిమిపట్టి చేతుల్ని తేలిగ్గా ఉంచుతారు. కొత్తవాళ్లు ఒంటి బరువంతా మణికట్ల మీద వేస్తారు. బరువు మోస్తున్న చెయ్యి యాక్సిలరేటర్‌ని సున్నితంగా తిప్పలేదు. పైగా ఆ ఇంజన్ల అసలు బలం ఎనిమిది, తొమ్మిది వేల ఆర్‌పీఎం దగ్గర బయటపడుతుంది. కాలనీలో మెత్తగా నడుస్తుంటే బండి వచ్చేసిందనిపిస్తుంది. హైవే మీద ఒక గేరు తగ్గించి బస్సును దాటబోయినప్పుడు గానీ దాని సంగతి తెలియదు.

మన లైసెన్సుకి ఈ తేడాలు పట్టవు. కాలు దించకుండా 'ఎనిమిది' వేసి గేర్ బండి లైసెన్సు తెచ్చుకుంటే స్ప్లెండర్‌కైనా 1340 సీసీ హయబూసాకైనా అదే కార్డు. యూరప్‌లో పద్దెనిమిదేళ్లవాళ్లకి 35 కిలోవాట్ల దాకానే అనుమతి. దాని మీద రెండేళ్లు గడిచాకే పెద్ద బండి. "ఆ లెక్కన 390 వాళ్లకి ఇస్తారుగా!" అన్నాడు మేనల్లుడు. ఇస్తారు, నిజమే. కానీ అక్కడి పరీక్షలో గంటకు 50 కిలోమీటర్ల వేగంలో ఉన్నట్టుండి బ్రేకు వేసి ఆపి చూపించాలి, అడ్డున్నదాన్ని తప్పించి చూపించాలి. వాడు అప్పటికి ఒక్కసారి కూడా ముందు బ్రేకు ముట్టుకోలేదు.

చివరికి 125 కొన్నారు. ఆదివారాలు పొద్దున్నే కాలనీ చివర ఖాళీ సిమెంటు రోడ్డు మీద సుద్దతో గీత గీసి, 30 వేగం నుంచి ఆపడం నేర్పుతున్నాను. ముందు బ్రేకు ఒక్కసారిగా పిండకూడదు. మొదట తాకాలి, బరువు ముందు చక్రం మీదికి వచ్చాక బిగించాలి. మొదటి వారం గీత దాటి నాలుగు బారలు వెళ్లిపోయాడు. మొన్న బారెడు. నేను అడక్కముందే "ఇంకోసారి మావయ్యా" అని బండి తిప్పుకున్నాడు.