అంచున నిలిచిన రౌతులు

బ్రిటిష్ కాలపు యుద్ధ పతకంలో అసలు పనితనమంతా అంచు మీదే. రాజుగారిదో రాణిగారిదో, తల అందరికీ ఒకటే. అంచున మాత్రం రౌతు నంబరు, హోదా, పేరు, రిసాలా ఉంటాయి. 1895 ఇండియా మెడల్ మీద గొలుసుకట్టు రాతలో చెక్కిన పేర్లు చూడాలి! మన కరీంనగర్ వెండితీగ పని చూస్తూ పెరిగిన కళ్లు సైతం అక్కడే ఆగిపోతాయి. అదే మెడల్ కంచులో దొరికితే తక్కువగా చూడకండి. అది గుర్రాన్ని మేపిన సైసులాంటి పనివాళ్లకు ఇచ్చింది.

ఆ అంచును చదవడం ఒక విద్య. నంబర్లు ఏ దళానికి ఆ దళానివే కాబట్టి దళం పేరు లేని నంబరుతో మనిషి దొరకడు. 1914 స్టార్ ఉంటే ఆ రౌతు అదే ఏడు నవంబర్ 22 లోపే ఫ్రాన్స్ లేదా బెల్జియం గడ్డ తొక్కినట్టు. 20వ దక్కన్ హార్స్ సికింద్రాబాద్ బ్రిగేడ్‌తో అలా వెళ్లిందే. 1916 జులై 14న హైవుడ్ దగ్గర, మెషిన్‌గన్ల కాలంలో, ఈటెలు పట్టి గుర్రాలను ఉరికించిన ధీరులు వాళ్లు! అయితే దక్కన్ హార్స్ అన్నంత మాత్రాన రౌతు మనవాడే అనుకోవద్దు. ఆ దళంలో సిక్కులు, జాట్లు, దక్కనీ ముస్లింలు ఉండేవారు. బద్లూ సింగ్‌నే తీసుకోండి. సొంత దళం 14వ జాట్ లాన్సర్స్. 1918 సెప్టెంబర్ 23న 29వ లాన్సర్స్‌తో, అంటే మరో దక్కన్ హార్స్‌తో, జోర్డాన్ ఒడ్డున పోరాడి ప్రాణమిచ్చి విక్టోరియా క్రాస్ పొందాడు. దళం పేరు దగ్గరే ఆగిపోతే సగం కథే చేతికొస్తుంది.

అదే రోజు హైఫా గెలిచింది జోధ్‌పూర్, మైసూర్ లాన్సర్లు. వాళ్ల కీర్తి వాళ్లదే. కానీ అదే బ్రిగేడ్‌లో నిజాం పంపిన హైదరాబాద్ లాన్సర్లూ ఉన్నారు. ఢిల్లీ తీన్‌మూర్తి స్మారకంలో మూడో విగ్రహం వాళ్లదే. ఆ మాట మన పిల్లలకు ఎవరు చెప్తున్నారు?

ఇంకా కడుపు మండేది ఆ పతకాల గతి చూస్తే. 1980 ప్రాంతంలో వెండి ధర ఎగసినప్పుడు మొదటి ప్రపంచ యుద్ధపు వెండి బ్రిటిష్ వార్ మెడళ్లు కుప్పలుగా మూసలో కరిగిపోయాయి. మిగిలినవాటి అంచు అరగదీసి, గొప్ప దళం పేరు కొత్తగా చెక్కి అమ్మే దొంగలున్నారు. కాలిపర్ కొలతతో పట్టేయొచ్చు: అసలుది 36 మిల్లీమీటర్లు, అరగదీసింది తగ్గుతుంది. పోతపోసిన నకలైతే బొమ్మ గీతలు మొద్దుబారి ఉంటాయి. చనిపోయిన సిపాయి పేరు చెరిపేయడం కన్నా నీచమైన పని ఉంటుందా?

ఎల్లంతకుంటలోనో, సిరిసిల్లలోనో, జగిత్యాలలోనో తాతల సందూకలో అలాంటి బిళ్ల ఉంటే దయచేసి చింతపండుతో తోమకండి, అక్షరాలు అరిగిపోతాయి. అవుసలాయన దగ్గరికి అసలే తీసుకపోవద్దు. రిబ్బన్ తీయకండి, జతగా ఉన్న పతకాలను విడదీసి అమ్మకండి. ఎండ ఏటవాలుగా పడే వేళ అంచు చుట్టూ ఫొటోలు తీసి, అక్షరాలు తప్పున్నా ఉన్నవి ఉన్నట్టే రాసుకొని, తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం కాలపు ఉర్దూ, ఫార్సీ కాగితాలు చదవగలిగినవాళ్లకు చూపించండి.