మాటు వేసిన కెమెరా

1902లో వైస్రాయ్ కర్జన్ వరంగల్ దగ్గరి నెక్కొండ అడవుల్లో వేటాడాడు. చంపిన పులి వెనక భార్యతో కలిసి నిలబడ్డ ఆయన్ని ఫోటో తీసింది నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్. అప్పటి బరువైన ప్లేటు కెమెరాతో అడవిలో తిరిగే పులిని పట్టడం దాదాపు అసాధ్యం. పాతికేళ్ళ తర్వాత, 1927లో, ఎఫ్.డబ్ల్యూ. ఛాంపియన్ అనే అటవీ అధికారి పులుల ఫోటోలతో పుస్తకమే వేశాడు. పులి నడిచే బాటలో తీగ కట్టేవాడు. కాలు తగిలితే ఫ్లాష్ వెలిగి ఫోటో పడేది. ఇవాళ అమ్రాబాద్, కవ్వాల్ అడవుల్లో పులుల లెక్క కోసం చెట్లకి కట్టే కెమెరాలు ఆ పద్ధతికి వారసులే.

హైదరాబాద్‌లో నాంపల్లి, అబిడ్స్ ప్రాంతంలో ఎక్కడ వన్యప్రాణుల ఫోటోల ప్రదర్శన పెట్టినా నేను వెళ్ళి చూస్తాను. ఆ ఫోటోల కోసం గాలివాటు చూసుకోవడం, అడుగుజాడలు చదవడం, దుప్పి అరుపునీ కొండముచ్చు కేకనీ బట్టి పులి ఎటు కదులుతోందో పసిగట్టడం, ఎండాకాలం నీటిగుంట దగ్గర మాటు వేయడం, ఇదంతా వేటగాడి విద్యే. కాకపోతే మీట నొక్కాక జంతువు తన దారిన తాను పోతుంది. అందుకే ఈ విద్య మీద నాకింత గౌరవం.

ఫోటో ముందు నిలబడినప్పుడు కెమెరా ఎంత ఎత్తులో ఉందో గమనించండి. నేలకి పొట్ట ఆనించి పడుకుని తీస్తే కౌజుపిట్ట మన కళ్ళలోకి సూటిగా చూస్తుంది. అదే పిట్టని జీపు మీంచి తీస్తే నేలలో కలిసిపోతుంది. ఎగిరే పాలపిట్ట ఈకలు విడివిడిగా కనబడాలంటే షట్టర్ సెకనులో రెండువేలవ వంతు వేగంతో పడాలి, దానికి వెలుతురు బాగా కావాలి. పొద్దుటి లేత ఎండ రంగులకి మంచిదే గాని అంత వేగానికి చాలదు. ఈ రెంటికీ పొత్తు కుదర్చడంలోనే తీసేవారి పనితనం తెలుస్తుంది.

గోడ నిండా పులి ముఖమే ఉన్న ఫోటోల దగ్గర జనం గుమిగూడతారు. నా ఓటు మాత్రం ఎండిన టేకు అడవిలో చిన్నగా కనిపించే చుక్కల దుప్పికే. ముఖం ఒక్కటే అయితే జూలోనూ తీయొచ్చు. దుప్పి చుట్టూ అడవి కనబడితేనే దానికి ఏం కావాలో చూసేవాళ్ళకి అర్థమవుతుంది.

గూళ్ళ ఫోటోలు నాకు నచ్చవు. అడ్డొచ్చిన కొమ్మలు విరిస్తే గూడు కాకుల కంటపడుతుంది, తల్లి పిల్లల్ని వదిలేసి పోవచ్చు. రికార్డు చేసిన కూత వినిపించి పిట్టని రప్పించడమూ అలాంటిదే. గూడు కట్టే రోజుల్లో దాని శక్తంతా లేని ప్రత్యర్థిని వెతకడానికే ఖర్చయిపోతుంది.

ప్రదర్శనలు పెట్టేవారికి ఒక మనవి. ఫోటో కింద కెమెరా పేరుతో సరిపెట్టకండి. ఎంత దూరం నుంచి తీశారో, ఎంతసేపు కాచుకున్నారో కూడా రాయండి. గూడు, గుహ ఎక్కడున్నాయో మాత్రం రాయకండి. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొనుక్కుని ప్రదర్శనకి వచ్చే కుర్రాళ్ళకి కావలసింది ఆ దూరం, ఆ కాపు వివరాలే.